బ్రహ్మగుప్తుడు – అప్పుల లెక్క

(తృతీయ సంవత్సరం బి.ఎస్సి., గణితశాస్త్రం)

ప్రాచీన కాలపు మన శాస్త్రజ్ఞుల్లో చాలామందికి పుట్టిన సంవత్సరం దొరకదు. శ్లోకాలు మిగిలాయి, రాసినవాళ్ల ఆనవాలు మిగలలేదు. బ్రహ్మగుప్తుడు అట్లా కాదు. తన గ్రంథం చివరి అధ్యాయంలో తన వివరం తానే చెప్పుకున్నాడు. శకసంవత్సరాలు 550 గడిచాక, చాపవంశపు రాజు వ్యాఘ్రముఖుడు ఏలుతున్న కాలంలో, జిష్ణువు కొడుకైన తాను ముప్పయ్యో ఏట ఈ గ్రంథం పూర్తిచేశానని ఆయన లెక్క. శకం 550 అంటే క్రీస్తుశకం 628. ఏ సంఖ్యకు 30 కలిపితే 628 అవుతుంది? 598. అంటే ఆయన పుట్టిన సంవత్సరం కూడా మనకు ఒక చిన్న సమీకరణం సాధిస్తేనే తెలుస్తోందన్నమాట! సమీకరణాలు సాధించే సూత్రం చెప్పినవాడికి ఇంతకన్న తగిన జాతకం ఉండదు.

ఆయన ఊరు భిల్లమాల. ఇప్పటి రాజస్థాన్‌లో జాలోర్ జిల్లాలోని భీన్‌మాల్ అదే. తర్వాతి వ్యాఖ్యాతలు ఆయనను భిల్లమాలాచార్యుడనే పిలిచారు. ఆ రోజుల్లో అది ఘూర్జర దేశానికి రాజధాని. మన ధాన్యకటకం చూసి వెళ్లిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ 641 ప్రాంతంలో ఆ ఊరు కూడా చూశాడు. ఉత్తరాన హర్షుడు, దక్షిణాన రెండో పులకేశి బలంగా ఉన్న కాలం అది. ఇంచుమించు ఆ సంవత్సరాల్లోనే పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో తూర్పు చాళుక్య రాజ్యం మొదలుపెట్టాడు. రాజుల మాట ఇక్కడితో చాలు. యుద్ధాలు చేసినవాళ్ల పేర్లు మనం హైస్కూల్లోనే బట్టీపట్టాం. అదే కాలంలో ఎడారి అంచున ఒక ఊళ్లో ఒక యువకుడు ఏం చేస్తున్నాడో ఎవరూ చెప్పలేదు.

ఆ యువకుడు ఆకాశం లెక్కలు సరిచేస్తున్నాడు. బ్రహ్మసిద్ధాంతం అని పాత జ్యోతిష సంప్రదాయం ఒకటి ఉంది. చాలాకాలం గడవడంతో దాని ప్రకారం వేసిన గ్రహాల లెక్కలు ఆకాశంలో కనబడే గ్రహాలతో సరిపోవడం మానేశాయి. దాన్ని బాగుచేసి స్ఫుటంగా, అంటే తేటగా, మళ్లీ రాశాడు కనుక తన గ్రంథానికి బ్రహ్మస్ఫుటసిద్ధాంతం అని పేరు. ఆర్యావృత్తంలో వెయ్యి పైచిలుకు శ్లోకాలు, 24 అధ్యాయాలు. చాలాభాగం గ్రహగతులు, గ్రహణాలు, చంద్రుడి కళలు. గణితానికే ప్రత్యేకించినవి ముఖ్యంగా రెండు అధ్యాయాలు: పన్నెండోది అంకగణితం, క్షేత్రగణితం, పద్దెనిమిదోది కుట్టకాధ్యాయం, అంటే మనం ఇప్పుడు బీజగణితం అనేది. గ్రహాల లెక్కలు కాలం మారితే మళ్లీ సరిచేసుకోవలసి వచ్చాయి. ఆ పద్దెనిమిదో అధ్యాయంలోని కొన్ని శ్లోకాలకు మాత్రం ఈ నాటికీ సవరణ అవసరం రాలేదు. నా వ్యాసం వాటి గురించే.

మనిషి స్వభావం గురించి కూడా కొంచెం చెప్పాలి. బ్రహ్మగుప్తుడు సాధువైన మనిషి కాడు. పదకొండో అధ్యాయమంతా ఇతరుల సిద్ధాంతాల్లో తప్పులు పట్టడానికే కేటాయించాడు. అందులో ఎక్కువ దెబ్బలు తిన్నవాడు ఆర్యభటుడు. తనకన్న ఒక శతాబ్దం ముందటివాడు, 499 నాటికి ఇరవై మూడేళ్లవాడు, భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని చెప్పిన సాహసి. ఆ భూభ్రమణాన్ని బ్రహ్మగుప్తుడు ఒప్పుకోలేదు. ఆ విషయంలో ఆర్యభటుడిదే ఒప్పు. ముప్పయ్యేళ్ల వయసులో తెలివి, తొందర, గర్వం మూడూ కలిసి ఉంటే ఎట్లా ఉంటుందో ఆ అధ్యాయం చూస్తే తెలుస్తుంది. మన కాలేజీలో కూడా అటువంటివాళ్లు లేకపోలేదు, కాకపోతే వాళ్లకింకా గ్రంథం రాసే తీరిక దొరకలేదు.

ఇక అసలు విషయం. ఏక చలరాశి రేఖీయ సమీకరణం అంటే హైస్కూలు పిల్లవాడికి కూడా తెలుసు. తెలియని సంఖ్య ఒకటి, దాని ఘాతం ఒకటే, మధ్యలో సమానం గుర్తు. తెలియని సంఖ్యకు మనం ఇంగ్లీషు అక్షరం ఎక్స్ వాడతాం. బ్రహ్మగుప్తుడు దాన్ని అవ్యక్తం అన్నాడు, అంటే ఇంకా బయటపడనిది. ఆయన గ్రంథానికి తర్వాత రెండు శతాబ్దాలకు వ్యాఖ్యానం రాసిన పృథూదకస్వామి దాన్ని యా అనే అక్షరంతో గుర్తించాడు. యావత్తావత్ అనే మాటలో మొదటి అక్షరం అది. ఎంతో అంత అని అర్థం. తెలిసిన సంఖ్యకు రూప అనే మాటలోంచి రూ. సమానం గుర్తు అప్పటికి లేదు. ఒక పక్షం పైన, రెండో పక్షం సరిగ్గా దాని కింద రాసేవాళ్లు. ఈ వ్యాసంలో నేనూ ఎక్స్‌ని కాసేపు పక్కనబెట్టి యా వాడతాను.

సమీకరణాలు బ్రహ్మగుప్తుడితో మొదలయ్యాయని నేను చెప్పడంలేదు. ఆయనకు రెండువేల సంవత్సరాల ముందే ఈజిప్టులో అహ్మెస్ అనే లేఖకుడు పపైరస్ మీద ఇటువంటి లెక్కలు రాసిపెట్టాడు. ఒక కుప్ప, దానిలో ఏడోవంతు కలిపితే 19, కుప్ప ఎంత? అతను చేసిందేమిటంటే ముందు ఏదో ఒక సంఖ్య, 7 అనుకున్నాడు. 7, దాని ఏడోవంతు 1, మొత్తం 8. కావలసింది 19. కనుక 8ని ఎన్ని రెట్లు చేస్తే 19 అవుతుందో 7ను కూడా అన్ని రెట్లు చేశాడు. జవాబు పదహారూ అయిదు ఎనిమిదో వంతులు. తెలివైన పద్ధతే. కాని ఇది తెలిసిన సంఖ్యలు రెండు పక్కలా వచ్చినప్పుడు నేరుగా పనిచేయదు.

మన దేశంలో ఆర్యభటుడు ఇంకో మెట్టు ఎక్కాడు. ఇద్దరు మనుషుల దగ్గర ఒకే రకం వస్తువులు వేరు వేరు సంఖ్యలో ఉన్నాయి, కొంత రొక్కం కూడా ఉంది, ఇద్దరి ఆస్తీ సమానం. అయితే ఒక్కో వస్తువు ధర ఎంత? రొక్కాల తేడాని వస్తువుల తేడాతో భాగించమన్నాడు. చదువుతుంటే బ్రహ్మగుప్తుడు తాను తిట్టినవాడి దగ్గరే నేర్చుకున్నాడేమో అనిపిస్తుంది. ఈ రెండు సూత్రాల ముఖం ఒకటే.

ఇక అలెగ్జాండ్రియాలో డయోఫాంటస్. గ్రీకు గణితంలో బీజగణితానికి పెద్దదిక్కు. తన గ్రంథం అయిదో భాగంలో ఒక లెక్క చేస్తూ చేస్తూ ఆయన ఒక సమీకరణం దగ్గరికి వచ్చాడు. మన గుర్తుల్లో రాస్తే

4 యా + 20 = 4

ఇరవైకి ఏదో కలిపితే నాలుగు కావాలి! ఇది అసంబద్ధం అని ఆయన దాన్ని వదిలేసి లెక్కను ఇంకో దారి పట్టించాడు. అంతటివాడు అక్కడ ఆగిపోవడం తెలివి తక్కువై కాదు. ఆయన దృష్టిలో సంఖ్య అంటే ఉన్నదాన్ని లెక్కించేది. లేనిదాన్ని, అందునా లేనిదానికన్న ఇంకా తక్కువైనదాన్ని లెక్కించే సంఖ్య ఆయన దగ్గర లేదు. తాళం ఉంది, దానికి సరిపడే చెవి ఇంకా ఎవరూ చేయలేదు.

ఆ చెవి ఎట్లా చేశాడో చూడాలంటే బ్రహ్మగుప్తుడి పద్దెనిమిదో అధ్యాయం వరస గమనించాలి. సమీకరణం సూత్రం అందులో కొంచెం ఆలస్యంగా వస్తుంది. దానికి ముందే కొన్ని శ్లోకాల్లో ధనం, ఋణం, శూన్యం అనే మూడింటికి కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం ఎట్లా చేయాలో చెప్పేశాడు. రెండు ధనాల మొత్తం ధనం. రెండు ఋణాల మొత్తం ఋణం. ధనం, ఋణం కలిపితే వాటి తేడా. రెండూ సమానమైతే శూన్యం. శూన్యంలోంచి ఋణం తీసేస్తే ధనం. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం, ధనాన్ని ఋణంతో గుణిస్తే ఋణం. ధనం అంటే ఆస్తి, ఋణం అంటే అప్పు. ఆ పేర్లే సగం పని చేసిపెట్టాయి.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. చైనావాళ్లు అంతకు చాలా ముందే లెక్కపుల్లలతో, ఎర్రవి ఒక రకం, నల్లవి ఒక రకంగా పెట్టి, ఋణసంఖ్యలను కూడడం, తీసివేయడం చేశారు. కాని శూన్యాన్ని కూడా ఒక సంఖ్యగా కలుపుకుని, గుణకార భాగహారాలతో సహా, ఇవీ నియమాలు అని ఒకచోట కూర్చి మనకు దొరికిన తొలి గ్రంథం బ్రహ్మస్ఫుటసిద్ధాంతమే.

నేను పుట్టింది వ్యవసాయం చేసుకునే ఇంట్లో. అప్పు అనేది ఉన్నదా లేనిదా అన్న తత్వవిచారం మా ఇళ్లలో ఎప్పుడూ రాలేదు. దూలానికి వేలాడదీసిన సంచిలో ఒక లెక్కల పుస్తకం ఉండేది. ఎడమ పేజీలో మాకు రావలసినవి, కుడి పేజీలో మేం ఇవ్వవలసినవి. ఎరువుల కొట్టు బాకీ, ట్రాక్టరు కిరాయి, కోతకూలి, ప్రోనోటు మీద తెచ్చిన అసలు, దాని వడ్డీ. కల్లంలో వడ్లు రాశిపోసి ఉన్నా, అందులో మావి ఎన్ని బస్తాలో కుడి పేజీ చూస్తేగాని తెలిసేది కాదు. మా నాయన ఏడో తరగతితో చదువు ఆపేశాడు. ఋణసంఖ్యలంటే నవ్వుతాడు. కాని ఋణం తీసేస్తే ధనం అవుతుందని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మూడువేల బాకీ రాసి ఉన్న గీత కొట్టేస్తే ఇంటికి మూడువేలు వచ్చినట్లే. అయిదువందల బాకీలు రెండు కొట్టేస్తే వెయ్యి వచ్చినట్లు. ఋణం ఇంటూ ఋణం ధనం ఎట్లా అవుతుందని తరగతిలో అడిగితే నియమం అంతే అని జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ నియమం చెప్పినవాడు దానికి పెట్టిన పేరు చూస్తే చాలు, సగం సంగతి అర్థమవుతుంది. చేతిలో పైసా లేదు, బయట పైసా బాకీ లేదు: అది శూన్యం. మా వైపు ఆ శూన్యం చేరిన ఏడాదిని మంచి ఏడాది కిందే జమకడతారు.

ఇప్పుడు సమీకరణం సూత్రం. రెండు పక్షాల్లో ఉన్న అవ్యక్తాల తేడా తీసుకోవాలి. తెలిసిన సంఖ్యల తేడా కూడా తీసుకోవాలి, కాని తిరగేసిన వరసలో. అంటే మొదట పై పక్షంలోంచి కింది పక్షం తీసివేస్తే, రెండోసారి కింది పక్షంలోంచి పై పక్షం తీసివేయాలి. ఈ రెండో తేడాని మొదటి తేడాతో భాగిస్తే అవ్యక్తం బయటపడుతుంది. సంస్కృతంలో ఇదంతా ఒక శ్లోకంలో సగంలోనే పట్టింది!

మా ఊరి లెక్క ఒకటి వేసి చూద్దాం. ఒక రైతుకు ఎనిమిది బస్తాల వడ్లు ఉన్నాయి, మూడువేలు అప్పు ఉంది. ఇంకో రైతుకు మూడు బస్తాల వడ్లు, అయిదువేలు రొక్కం. ఇద్దరి పరిస్థితీ సమానం. బస్తా ధర ఎంత?

8 యా − 3000 = 3 యా + 5000

అవ్యక్తాల తేడా, 8 లోంచి 3 పోతే 5. తెలిసిన సంఖ్యల తేడా తిరగేసి తీయాలి: 5000 లోంచి మూడువేల ఋణాన్ని తీసివేయాలి. ఋణం తీసివేస్తే కలిసినట్లే కనుక 8000. ఎనిమిదివేలను అయిదుతో భాగిస్తే 1600. సరిచూసుకుందాం. ఎనిమిది బస్తాలకు 12800, అందులో మూడువేల అప్పు పోతే 9800. మూడు బస్తాలకు 4800, అయిదువేలు కలిపితే 9800. ఇద్దరూ సమానం.

మనం స్కూల్లో ఇదే లెక్క ఎట్లా చేసేవాళ్లం? ఇటునుంచి అటు పోతే ప్లస్ మైనస్, మైనస్ ప్లస్ అని పాట పాడుకుంటూ చేసేవాళ్లం. సంఖ్య సమానం గుర్తు దాటితే రంగెందుకు మారుతుందో ఎవరూ అడగలేదు. నిజానికి ఏదీ దాటదు. రెండు పక్కలా ఒకే పని చేస్తున్నాం, అంతే. మొదటి రైతు అప్పు తీరాలంటే మూడువేలు కావాలి. సమానత్వం చెడకుండా ఉండాలంటే రెండో రైతుకు కూడా మూడువేలు ఇవ్వాలి. ఇతని అప్పు మాయమైంది, అతని రొక్కం ఎనిమిదివేలయింది. తర్వాత ఇద్దరి దగ్గరా మూడేసి బస్తాలు తీసి పక్కన పెడితే మొదటివాడి దగ్గర అయిదు బస్తాలు, రెండోవాడి దగ్గర ఎనిమిదివేలు మిగులుతాయి. బ్రహ్మగుప్తుడి సూత్రం ఈ రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. కాటా రెండు తక్కెళ్లలోనూ ఒకే బరువు వేయడం, ఒకే బరువు తీయడం.

ఇందులో గొప్పేముంది, మామూలు తీసివేతే కదా అని ఎవరైనా అనవచ్చు. డయోఫాంటస్ వదిలేసిన లెక్కకు ఇదే సూత్రం వేసి చూడండి. కింది పక్షంలో అవ్యక్తం లేదు, కనుక తేడా 4. తెలిసిన సంఖ్యల తేడా, 4 లోంచి 20 పోతే 16 ఋణం. దాన్ని 4తో భాగిస్తే 4 ఋణం. అంతే. సూత్రం ఒక్క క్షణం కూడా తడబడలేదు. అవ్యక్తం ఆస్తి అవుతుందో, అప్పు అవుతుందో ముందుగా తెలుసుకోనక్కరలేదు. ఎటు పెద్దదో, ఎటు చిన్నదో చూసి లెక్కను రకాలుగా విడదీయనక్కరలేదు. అవ్యక్తాల తేడా శూన్యం కాకపోతే చాలు, జవాబు ఒక్కటే ఉంటుంది, అది దొరుకుతుంది. అప్పును కూడా సంఖ్యగా లెక్కలోకి రానిచ్చాడు కనుకనే అన్ని సమీకరణాలకూ ఒకే సూత్రం సరిపోయింది. నా మట్టుకు నాకు ఆయన చేసిన పనులన్నిటిలో ఇదే పెద్దది. గణిత చరిత్రకారులు మాత్రం ఆయన పేరు చెబితే ఇంకో రెండు విషయాలు ముందు చెబుతారు. ఒకటి, వృత్తంలో ఇమిడే చతుర్భుజానికి నాలుగు భుజాల కొలతలతోనే వైశాల్యం చెప్పే సూత్రం. రెండు, వర్గప్రకృతి. ఒక వర్గాన్ని 92తో గుణించి 1 కలిపితే మళ్లీ వర్గమే రావాలి. ఈ లెక్కను సంవత్సరం లోపల చేయగలిగినవాడిని గణకుడని ఒప్పుకుంటానన్నాడాయన. జవాబు 120, 1151. కాలిక్యులేటర్ మీద సరిచూసుకోవచ్చు, కనిపెట్టడం మాత్రం వేరే సంగతి.

పొగడ్తలు రాసి ముగించేస్తే సావనీరుకు బాగానే ఉంటుంది కాని, ఆయన కాలుజారిన చోట్లు కూడా చెప్పకపోతే తప్పవుతుంది. శూన్యాన్ని శూన్యంతో భాగిస్తే శూన్యం అన్నాడు. అది ఒప్పు కాదు. ఆ భాగహారానికి అర్థమే లేదని ఇవాళ మనకు తెలుసు. చిత్రమేమిటంటే ఆయన సమీకరణం సూత్రం ఆగిపోయే చోటు కూడా అదే. అవ్యక్తాల తేడా శూన్యం, రూపాల తేడా శూన్యం అయితే అవ్యక్తానికి ఏ విలువైనా సరిపోతుంది. శూన్యం ఒక్కటే అనడానికి లేదు. ఏ సంఖ్యనైనా శూన్యంతో భాగించవలసి వస్తే మాత్రం జవాబు చెప్పకుండా శూన్యం హారంగా ఉన్న భిన్నంగానే ఉంచేశాడు. ఆ జాగ్రత్త రెండోచోట కూడా పడివుంటే బాగుండేది.

రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం. గ్రహణాలు లెక్కించడంలో ఆయన సమర్థుడు. చంద్రగ్రహణం భూమి నీడ వల్ల, సూర్యగ్రహణం చంద్రుడు అడ్డురావడం వల్ల అని ఆయన లెక్కలే చెబుతాయి. నీడ వ్యాసం కట్టకుండా ఆ లెక్క ముందుకు పోదు. అయినా రాహువు కారణం కాదనేవాళ్లు వేదానికీ స్మృతికీ విరుద్ధంగా మాట్లాడుతున్నారని వాదించాడు. 1030 ప్రాంతంలో భారతదేశం గురించి పెద్ద గ్రంథం రాసిన అల్‌బెరూనీ ఈ చోటుకు వచ్చి ఆశ్చర్యపోయాడు. ఇంత తెలిసినవాడు ఇట్లా ఎందుకు రాశాడని అడిగి, లోకానికి భయపడి ఉంటాడని సమాధానపడ్డాడు. అప్పును సంఖ్యల్లో చేర్చడానికి వెనుకాడని మనిషి నీడను నీడ అనడానికి వెనుకాడాడు. చేయి నీడను కొలుస్తుంటే నోరు రాహువు పేరు చెప్పింది. శాస్త్రం చదివే మనలో కూడా గ్రహణంనాడు ఇంట్లో ఒకటి, పరీక్షలో ఒకటి చెప్పేవాళ్లు ఉన్నారు. అందుకని ఆయనను మరీ నిందించలేను.

వయసు ఆయనలో కొంత మార్పు తెచ్చింది. 665లో, అరవై ఏడో ఏట, ఖండఖాద్యకం అని ఇంకో గ్రంథం రాశాడు. పేరుకు కలకండ మిఠాయి అని చెప్పుకోవచ్చు. పెద్ద సిద్ధాంతం చదివే ఓపిక లేనివాళ్లకు, రోజువారీ లెక్కలు తొందరగా తేలడానికి రాసిన కరణగ్రంథం. అందులో పునాదిగా తీసుకున్నది ఎవరి పద్ధతిననుకున్నారు? ముప్పయ్యో ఏట ఏకిపెట్టిన ఆర్యభటుడిదే! ఆర్యభటుడికి రెండు పద్ధతులున్నాయి. అర్ధరాత్రి నుంచి దినం లెక్కపెట్టే పద్ధతి ప్రకారం తన గ్రంథం ఫలితాలిస్తుందని మొదట్లోనే చెప్పేశాడు. తర్వాత భాగంలో దానికి తన సవరణలు చేర్చాడు. పాత కోపం పూర్తిగా పోయిందని నేననను. కాని ముప్పై ఏడేళ్ల తర్వాత ప్రత్యర్థి లెక్కల మీద తన మిఠాయి వండుకున్నాడంటే, ఆ లెక్కల్లో పస ఉందని ఒప్పుకున్నట్లే కదా. మనకు తెలిసినంతలో ఆయన జీవితం ఆ గ్రంథంతో ఆగిపోతుంది. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన రెండో భాస్కరుడు ఆయనను గణకచక్రచూడామణి అని గౌరవించాడు.

ధనం, ఋణం అనే మాటలు మన దేశంలో నిలిచిపోయాయి. 850 ప్రాంతంలో మాన్యఖేటం ఏలిన అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో వాటి నియమాలు మళ్లీ చెప్పాడు. ఆ గణితసారసంగ్రహాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో లెక్కలు చదివిన ప్రతివాడూ ధనసంఖ్య, ఋణసంఖ్య అనే అంటాడు. మా ఊళ్లో సహకార సంఘం కాగితం మీదా రుణమే, స్కూలు లెక్కల పుస్తకంలోనూ ఋణమే.

బయటి దేశాలకు పోయినప్పుడు మాత్రం సంగతి వేరయింది. 770 తర్వాత బాగ్దాదులో ఖలీఫా అల్‌మన్సూర్ కొలువుకు భారతదేశం నుంచి ఒక పండితుడు సంస్కృత జ్యోతిషగ్రంథంతో వెళ్లాడు. అది బ్రహ్మగుప్తుడి సంప్రదాయంలోనిది. అల్‌ఫజారీ దాని ఆధారంగా అరబ్బీలో సింద్‌హింద్ తయారుచేశాడు. సిద్ధాంతం అనే మాటే సింద్‌హింద్ అయింది. తర్వాత అల్‌ఖ్వారిజ్మీ కూడా ఆ దారిలోనే గ్రహపట్టికలు కట్టాడు. కాని అదే అల్‌ఖ్వారిజ్మీ 820 ప్రాంతంలో బీజగణితం రాసినప్పుడు అందులో ఋణసంఖ్యలకు చోటివ్వలేదు. అందువల్ల సమీకరణాలను ఆరు రకాలుగా విడదీసి, ఒక్కోదానికి ఒక్కో పద్ధతి చెప్పవలసి వచ్చింది. గ్రహాల పట్టికలు ఎడారి దాటాయి, పది అంకెలు దాటాయి, అప్పు మాత్రం ఇవతలి గట్టునే ఉండిపోయింది. 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ ఆ బీజగణితాన్ని లాటిన్‌లోకి మార్చాడు. యూరపు పిల్లలు నేర్చుకున్నది ఆ ఆరు రకాలే.

ఆ తర్వాత ఋణసంఖ్యలు యూరపులోకి మెల్లగా వచ్చాయిగాని, గౌరవం దొరకడానికి చాలాకాలం పట్టింది. 1758లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మసేరిస్ ఋణగుర్తు వాడకం మీద ఒక గ్రంథమే రాసి ఋణమూలాలను తోసిపుచ్చాడు. 1796లో విలియం ఫ్రెండ్ ఋణసంఖ్యలు లేకుండానే బీజగణిత పాఠ్యగ్రంథం రాశాడు. 1817లో కోల్‌బ్రూక్ బ్రహ్మగుప్తుడి పన్నెండో, పద్దెనిమిదో అధ్యాయాలను ఇంగ్లీషులోకి అనువదించి లండనులో అచ్చువేయించాడు. ఆస్తి, అప్పు నియమాలు, సమీకరణం సూత్రం అన్నీ అందులో ఉన్నాయి.

ఆ ఫ్రెండ్‌గారి అల్లుడు ఆగస్టస్ డిమోర్గాన్. సమితుల్లో మనం చదివే డిమోర్గాన్ నియమాలు ఆయనవే. పుట్టింది మన పక్కనే, మదురైలో. 1831లో ఆయన ఒక పుస్తకంలో ఈ లెక్క ఇచ్చాడు. తండ్రికి 56 ఏళ్లు, కొడుకుకు 29. ఎన్ని సంవత్సరాల తర్వాత తండ్రి వయసు కొడుకు వయసుకు రెట్టింపవుతుంది?

56 + యా = 58 + 2 యా

జవాబు 2 ఋణం అని డిమోర్గాన్‌కు తెలుసు. అయినా అటువంటి జవాబు అసంబద్ధమన్నాడు. ఎన్ని సంవత్సరాల తర్వాత అని కాక, ఎన్ని సంవత్సరాల క్రితం అని ప్రశ్నను మార్చి అడగాలన్నాడు. కోల్‌బ్రూక్ అనువాదం అచ్చయి అప్పటికి పద్నాలుగేళ్లు. అందులోని సూత్రం ప్రకారం అవ్యక్తాల తేడా, 1 లోంచి 2 పోతే 1 ఋణం. రూపాల తేడా తిరగేసి తీస్తే, 58 లోంచి 56 పోగా 2 ధనం. ధనాన్ని ఋణంతో భాగిస్తే ఋణం, కనుక 2 ఋణం. రెండేళ్ల క్రితం తండ్రికి 54, కొడుకుకు 27. ప్రశ్న మార్చవలసిన పని లేదు.